పాతిక కలిపి చెప్పిన రేటు

డ్వైట్ లెడ్‌బెటర్ చేసిన పనికి వర్జిల్ రోజుకో పేరు పెడుతుండేవాడు. ఒకరోజు దొంగతనం అనేవాడు, ఇంకోరోజు వెన్నుపోటు అనేవాడు. కోపం మరీ ఎక్కువైన రోజు ఏ పేరూ చాలక ఊరుకునేవాడు. ఇదంతా గోడతోనే. వారానికోసారి అద్దె కట్టుకునే మోటెల్ గదిలో వినడానికి గోడ తప్ప ఎవరున్నారు కనక? ఇరవై రెండేళ్లు తను కూర్చుని వెచ్చబెట్టిన కుర్చీలో ఆ లెడ్‌బెటర్ గాడు నిండా నాలుగు నెలలు కూర్చోలేదు. ఫలమంతా వాడి పాలయింది.

అమెరికాలో పాత పాటల ఆటలకు పేరుపడ్డ బ్రాన్సన్ ఊళ్లో వాయిద్యగాళ్లు కొలువును కుర్చీ అంటారు. ఫిడేలు కుర్చీ, డ్రమ్ముల కుర్చీ. వర్జిల్‌ది స్టీల్ గిటార్ కుర్చీ. లూయెల్లా క్రెన్షా గారి థియేటర్‌లో పొద్దున పదింటికొక ఆట, మధ్యాహ్నం రెండింటికొక ఆట. బస్సుల్లో దిగిన ముసలివాళ్లు పాత పాటలకు కళ్లు తుడుచుకుంటుంటే, వెనక వరసలో తల వంచుకుని తీగల మీద ఇనుప కడ్డీ జార్చడం అతని పని. ఆటకింత అని కూలి. బీమా లేదు, పింఛను లేదు. క్రిస్మస్ అయిపోగానే ఊరంతా తలుపులు మూసుకుంటుంది. మళ్లీ మార్చి దాకా ఆట లేదు, కూలీ లేదు.

ఆ చలికాలంలో వాయిద్యగాళ్లకు ఒక అలవాటు. సోమవారాలు పొద్దున హైవే పక్క హోటల్లో, కిటికీ దగ్గర పెద్ద బల్ల చుట్టూ చేరతారు. తెల్ల గ్రేవీ పోసిన రొట్టెలు తింటూ, కాఫీ మీద కాఫీ పోయించుకుంటూ, ఏ యజమాని ఎంతిస్తున్నాడో, ఎవడు ఎగ్గొడుతున్నాడో, ఎవడి భార్య జీతాల్లో వేలు పెడుతోందో చెప్పుకుంటారు. ఎవరూ కాగితం మీద పెట్టరు. మాటే సాక్ష్యం. ఆ మాటకు ప్రతివాడూ ఇంత కలుపుతాడు. తను కలుపుతున్న సంగతి ప్రతివాడికీ తెలుసు. పక్కవాడూ కలుపుతాడని మాత్రం ఒక్కడికీ తట్టదు.

వర్జిల్‌కు లూయెల్లా గారిచ్చేది ఆటకు నూటపాతిక డాలర్లు. బల్ల దగ్గర నూటయాభై అని చెప్పాడు. మొదటిసారి అన్నప్పుడు చెవులు కాలాయి. పదేళ్లయ్యాక తనే నమ్మినంత పని చేశాడు.

ఆ అబద్ధం అతనికి ఇచ్చినంత మర్యాద అతని వాయిద్యం ఇవ్వలేదు. ముఖ్యంగా ఆర్విల్ దగ్గర. ఆర్విల్ డెబ్బై దాటిన ఫిడేలు మనిషి. పంతొమ్మిదేళ్ల వర్జిల్‌ని పెట్రోలు బంకులోంచి లాక్కొచ్చి వాద్యం ముందు కూర్చోబెట్టింది ఆయనే. "లూయెల్లమ్మ గుప్పిట్లోంచి నూటయాభై రాబట్టినవాడు మా వర్జిల్ ఒక్కడేరా!" అని బల్ల చరిచి చెప్పేవాడు. భార్య వెళ్లిపోయి, తమ్ముడు ఫోన్ చేయడం మానేశాక, తనను చూసి గర్వపడే మనిషి ఇంకా ఒకడు మిగిలాడంటే అది ఆర్విలే.

కిందటి జనవరిలో అదే బల్ల దగ్గర డ్వైట్ లెడ్‌బెటర్ కాలు మీద కాలేసుకుని, "బర్డెట్ నాకు నూట అరవై అయిదు చేశాడు," అన్నాడు. డ్వైట్‌దీ స్టీల్ గిటారే, బర్డెట్ థియేటర్‌లో. వర్జిల్ నవ్వి శుభం అన్నాడు. బల్ల కింద మాత్రం వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. నలభై డాలర్ల తేడా! రోజుకు రెండాటలు.

ఆగస్టులో డ్వైట్ బర్డెట్ దగ్గర మానేశాడని ఊళ్లో పొక్కింది. నూట అరవై అయిదు డాలర్ల కుర్చీ ఖాళీ! వర్జిల్ ఇంకొకడి చెవిన పడకముందే పరిగెత్తాడు. బర్డెట్ "రావయ్యా, సోమవారం నించి వచ్చెయ్," అన్నాడు. రేటు అడగలేదు వర్జిల్. ఎలా అడుగుతాడు? అడిగితే "ఇప్పుడెంతొస్తోంది?" అంటాడు. నూటయాభై అంటే, వాడు లూయెల్లమ్మకి ఒక్క ఫోన్ కొడితే గుట్టు బయటపడుతుంది. రేటు తెలిసిందే కదా, డ్వైట్ చెప్పాడు కదా అనుకున్నాడు. శుక్రవారం లూయెల్లా గారికి మానేస్తున్నానని చెప్పాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "నీ ఇష్టం నాయనా," అంది.

సోమవారం బర్డెట్ కాగితం చేతిలో పెట్టాడు. నూట ముప్పై అయిదు.

"ఇదేమిటి సార్, డ్వైట్‌కి..."

"డ్వైట్‌కీ అంతే. వాడు నూటయాభై కావాలని కూర్చున్నాడు. లూయెల్లా దగ్గర నీకు అంత వస్తోందట గదా. అక్కడికే ఫో అన్నాను. పోయాడు."

నిజంగానే పోయాడు. శనివారమే వెళ్లి వర్జిల్ కుర్చీలో కూర్చున్నాడు. వర్జిల్‌కు వెనక్కి దారి లేదు. పది డాలర్ల కోసం ఇరవై రెండేళ్లు పారేసుకుని బర్డెట్ వెనక వరసలో తల వంచుకున్నాడు. అక్కడివాళ్లకు అతని పేరు పలకడం కూడా సరిగా రాలేదు. పొద్దుటి ఆటకీ మధ్యాహ్నం ఆటకీ నడుమ కారులోనే కూర్చుని రొట్టె తినేవాడు. దానికి తోడు ఎడమ మణికట్టు తిమ్మిరెక్కడం మొదలైంది. ఆపరేషన్ చేయకపోతే ఇంకో రెండు సీజన్లు వాయిస్తావేమో, ఆపైన కడ్డీ పట్టుకోలేవు అన్నాడు డాక్టరు. ఎనిమిది వేలవుతుందన్నాడు. వర్జిల్ దగ్గర పదకొండు వందలున్నాయి.

క్రిస్మస్ ఆఖరి ఆట అయ్యాక లూయెల్లా గారు స్టేజి ఎక్కి థియేటర్ అమ్మేశానని చెప్పింది. తొమ్మిది కుర్చీలకు తొమ్మిది కవర్లు పంచింది. ఒక్కోదానిలో పద్దెనిమిది వేల అయిదు వందలు.

ఆ మాట వర్జిల్ కారులో పెట్రోలు పోసుకుంటూ విన్నాడు. గొట్టం చేతిలో ఉండగానే పెట్రోలు పొంగి బూటు మీద పడింది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు.

"అమ్మగారూ, ఇరవై రెండేళ్లు. వాడు నాలుగు నెలలు."

"మా ఆయన పెట్టిన పద్ధతి వర్జిల్. కుర్చీకే ఇవ్వమన్నాడు, మనిషికి కాదు. కుర్చీ ఖాళీ చెయ్యనివాడే ఆటని నిలబెట్టినవాడు అనేవాడు." ఆవిడే మళ్లీ అడిగింది. "అంత ఎక్కువిస్తానన్నాడా బర్డెట్? నాతో ఒక్కమాట అనలేకపోయావా?"

పది డాలర్లమ్మా అని చెప్పలేక లేచి వచ్చేశాడు.

వారం రోజులు గోడతో తగువాడి, ఎనిమిదోనాడు డ్వైట్ ఇంటికి వెళ్లాడు. డ్వైట్ షెడ్డు ముందు కట్టెలు కొడుతున్నాడు. గొడ్డలి ఆపలేదు.

"నీ మొహం చూస్తే తెలుస్తోందిలే. ఏడవడానికొచ్చావా, కొట్టడానికొచ్చావా?"

"సగం ఇవ్వు."

"ఏం లెక్కన?"

"నా కుర్చీ అది. నువ్వు నూట అరవై అయిదని కొయ్యకపోతే నేను లేచేవాణ్ణా?"

డ్వైట్ గొడ్డలిని దిమ్మలో దించాడు. "నువ్వు నూటయాభై అని కొయ్యకపోతే నేను బర్డెట్‌తో తగువేసుకునేవాణ్ణా? ఆవిడ నూటపాతిక చేతిలో పెట్టినప్పుడు నా మొహం చూడాల్సింది నువ్వు. ఆటకి పది డాలర్లు తక్కువకి నాలుగు నెలలు వాయించానురా నీ పుణ్యమా అని! నా భార్య ఇప్పటికీ నవ్వుతుంది."

డ్వైట్ కట్టెల మీద కూర్చున్నాడు. అతని గొంతు కొంచెం దిగింది. "నీ చెయ్యి బాగాలేదని విన్నాను. సగం ఇస్తాను. నిజంగా. చెక్కు రాసి జేబులో పెట్టుకొస్తా. సోమవారం బల్ల దగ్గర అందరి ముందూ చెప్పు, లూయెల్లమ్మ నీకు ఎంతిచ్చేదో. నేనూ చెబుతా నాది. ఇద్దరం ఒకే రోజు నవ్వులపాలవుదాం. నీ దృష్టిలో దొంగనై నేనీ ఊళ్లో ఎందుకుండాలి?"

"అంతేనా?"

"అంతే. ఒక్క అంకె."

ఇంటికి వస్తూ దారిలో వర్జిల్ ఆ అంకె పైకే అన్నాడు. నూటపాతిక. కారులో ఒక్కడే ఉంటే ఎంత తేలిగ్గా వస్తోందో! ఆదివారమంతా గదిలో అంటూనే ఉన్నాడు. అద్దం ముందు అన్నాడు. గడ్డం గీసుకుంటూ అన్నాడు. తిమ్మిరెక్కిన చెయ్యి వేడినీళ్లలో పెట్టుకుని అన్నాడు.

సోమవారం బల్ల దగ్గర ఆరుగురు. ఆర్విల్ కిటికీ పక్క తన చోట్లో ఉన్నాడు. డ్వైట్ ఎదురుగా కూర్చుని, చొక్కా జేబు మీద ఒకసారి తట్టాడు. ముందు డ్వైటే గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి. బర్డెట్ నాకు నూట అరవై అయిదు ఎప్పుడూ ఇవ్వలేదు. నూట ముప్పై అయిదు."

బల్ల గొల్లుమంది. "ముప్పై కలిపావట్రా దొంగ వెధవా!" అని బేస్ వాయించే క్లింట్ అతని టోపీ ఊడబెరికాడు. డ్వైట్ నవ్వుతూనే తిట్లన్నీ తిన్నాడు. ఎవరూ అతన్ని లేచి పొమ్మనలేదు. ఎవరో అతని కప్పులో కాఫీ కూడా పోశారు.

"ఇప్పుడు వర్జిల్ చెబుతాడు," అన్నాడు డ్వైట్.

వర్జిల్ నోరు తెరిచాడు. ఈలోగా ఆర్విల్ చెయ్యెత్తాడు. "వాడేం చెప్పాలి, నేను చెబుతాను. చూడు డ్వైటూ, నీలాంటి కోతలరాయుడు వేరు, వీడు వేరు. వీడు ఇరవై రెండేళ్లలో ఒక్క డాలరు కలిపి చెప్పలేదు. నాకు తెలుసు, నేను పెంచాను వీణ్ణి. నూటయాభై అంటే నూటయాభయ్యే. ఏరా?"

ముసలాయన కళ్లు నీళ్లుగా మెరుస్తున్నాయి. వయసు వల్లేనేమో. వర్జిల్ ఆ కళ్లకేసి చూశాడు. ఎదురుగా డ్వైట్ చెప్పెయ్యరా అన్నట్టు తల ఆడించాడు.

"అవును బాబాయ్," అన్నాడు వర్జిల్. "నూటయాభై."

డ్వైట్ టోపీ పెట్టుకుని, కాఫీ డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కిటికీలోంచి అతని ట్రక్కు హైవే ఎక్కడం కనిపించింది.

"మరి బర్డెట్ ఎంతిస్తున్నాడు నీకు?" క్లింట్ కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "నా కుర్చీ మార్చేద్దామనుకుంటున్నా. నిన్ను నమ్ముకునే అడుగుతున్నా అన్నా."

"నూట డెబ్బై," అన్నాడు వర్జిల్. అతని నోరు ఇక అతని మాట వినడం మానేసింది.

ఆర్విల్ ఆనందంగా బల్ల చరిచాడు. వర్జిల్ రొట్టె ముక్క విరవబోతే వేళ్లకు పట్టు దొరకలేదు. ముక్క గ్రేవీలో పడిపోయింది. ఎవరూ చూడలేదు. చుట్టూ నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు, తనను మెచ్చుకుంటున్నారు. ఏ ఒక్కరికీ తను తెలియదు. తెలిసినవాడు ఒక్కడుండేవాడు, ఇప్పుడే లేచి వెళ్లిపోయాడు. జేబులో మడత పెట్టిన చెక్కు కూడా వాడితోపాటే వెళ్లిపోయింది. తొమ్మిది వేల రెండు వందల యాభై డాలర్లు.