అదురుబల్ల

ఆ షెడ్డులో అందరూ అతన్ని నాడి బాబాయ్ అనేవారు. వైద్యం చేసేవాడని కాదు. డ్రమ్ము ఒంటికి అరచెయ్యి ఆనించి, లోపల పొడి కుదురుకుందో లేదో చెప్పేవాడని. అతని పెళ్ళాన్ని మూతల పిన్ని అనేవారు. అతని పక్కనే నిలబడి, అతను సరే అన్న డ్రమ్ముకి మూత బిగించడం ఆవిడ పని. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా, డ్రమ్ము దగ్గర మాత్రం ఇద్దరికీ మాట అవసరం ఉండేది కాదు.

పని చెప్పుకోవడానికి తేలికే. పైనున్న తొట్టి నుంచి పిండిలాంటి తెల్లపొడి డ్రమ్ములోకి దిగుతుంది. పొడితో పాటు బోలెడంత గాలీ దిగుతుంది. అందుకే డ్రమ్ముని ఒక ఇనుపబల్ల మీద నిలబెడతారు. కింద మోటారు వేస్తే బల్ల గజగజ అదురుతుంది, గాలి పైకి తన్నుకొస్తుంది, పొడి కిందికి కుంగుతుంది. దాన్ని అందరూ అదురుబల్ల అనేవారు. కంపెనీ పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది నోరు తిరిగి పలికేలోపు డ్రమ్ము నిండిపోతుంది.

తక్కువ అదిరిస్తే గాలి లోపలే ఉండిపోయి, లారీ కుదుపులకి పొడి కుంగి, కొన్నవాడు మూత తీసేసరికి డ్రమ్ము వెలితిగా కనిపిస్తుంది. ఎక్కువ అదిరిస్తే మెత్తటిది, బరకది వేరైపోయి సరుకు పాడవుతుంది. పోనీ గడియారం చూసి ఆపుదామా అంటే, పొడి రోజుకో తీరు. చెమ్మ తగిలితే ఒకలా ఉంటుంది, ఎండితే ఒకలా ఉంటుంది. కాబట్టి చెయ్యే దిక్కు.

"మొదట నీళ్ళకుండ పట్టుకున్నట్టు ఉంటుందోయ్. ఉన్నట్టుండి బిగుస్తుంది. ఆ బిగుసుకోవడం చేతికి తెలియాలి" అనేవాడు బాబాయ్. చెప్పేటప్పుడు అరచెయ్యి గాల్లో ఆనించి చూపించేవాడు. ఆ గొప్ప చూసి పిన్ని మూతి తిప్పేది గానీ, లోపల్లోపల మురిసిపోయేది. ఆ మనిషికి ఉన్న గర్వమల్లా అదొక్కటే. చదువు లేదు, పిల్లలు లేరు, మాటకారితనం లేదు. చెయ్యి ఉంది.

ఆ చెయ్యే ముందు వేళ్ళ చివర్ల నుంచి తెల్లబడటం మొదలుపెట్టింది. చలి ఉదయాల్లో నెత్తురు ఎవరో పిండేసినట్టు అయిపోయేవి వేళ్ళు. తర్వాత తిమ్మిరి పట్టింది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట. "నేను పెడతానుండండి" అని పిన్ని అంటే "నేనేం పసివాడినా?" అని కసిరేవాడు. కసిరి, చొక్కా వదిలేసి, చొక్కాలకి బదులు బనియన్లు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ ఆ షెడ్డులో అందరూ చేతిని అడిగారు. చేతికేమైందని ఒక్కడూ అడగలేదు. అదురుతున్న దాన్ని రోజంతా పట్టుకుంటే చెయ్యి ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ళు ఆ షెడ్డు దాకా రాలేదు, అంతే.

పిన్నికి ముందే తెలిసిపోయింది. మూత పట్టుకుని నిలబడేది కదా, డ్రమ్ములోకి ఎదురుగా చూసేది ఆవిడే. పొడి పైపొర ఉడికే గంజిలా కదులుతూ, చిన్న చిన్న గుంటలు పడి పూడుతూ, ఒక్కసారి నిశ్చలమైపోతుంది. బాబాయ్ చెయ్యి అప్పటికీ డ్రమ్ము మీదే ఉంటుంది, ఏమీ వినపడని మనిషి తలుపు దగ్గర చెవి పెట్టినట్టు. అప్పుడు ఆవిడ మూత కొంచెం ముందుకు జరిపేది. అంతే, బాబాయ్ "సరే" అని మోటారు ఆపేసేవాడు. తన చెయ్యే చెప్పిందనుకునేవాడు. నిజంగానే అనుకునేవాడా, అనుకోవాలనుకునేవాడా అన్నది పిన్ని ఎప్పుడూ అడగలేదు. కొన్ని అడిగితే కాపురం నిలవదని ఆవిడ భయం.

అలా ఎన్నాళ్ళో నెట్టుకొచ్చారు. ఇంతలో మూతలు బిగించే మిషను వచ్చింది. పిన్నిని షెడ్డు ఆ చివర లేబుళ్ళు అంటించే చోటికి పంపేశారు. ఆవిడ కాళ్ళావేళ్ళా పడింది. "నాకు ఇక్కడే అలవాటు బాబూ, మిషను వద్దు" అని సూపర్‌వైజర్‌ని బతిమాలింది. "మీకే సుఖం కదా పిన్నీ, కూర్చుని చేసుకోవచ్చు" అన్నాడు అతను నవ్వుతూ. మంచివాడే. మంచివాడు కాబట్టే ఎదురు చెప్పడానికి వీలు లేకపోయింది.

లేబుళ్ళ బల్ల దగ్గర నుంచి బాబాయ్ వీపు మాత్రమే కనిపించేది. ఆ వీపు చూస్తూ లేబుళ్ళు వంకరగా అంటించేది పిన్ని. కొన్ని వారాలకి డ్రమ్ములు వెనక్కి రావడం మొదలైంది. కొన్ని వెలితిగా వచ్చాయి, కొన్ని సరుకు వేరుపడి వచ్చాయి. సూపర్‌వైజర్ ఒకరోజు బాబాయ్ వేళ్ళ వంక చూశాడు. మొదటిసారి చూశాడు. ఇబ్బందిపడుతూ, "బాబాయ్, డాక్టరు గారు ఒకసారి చేతులు చూస్తారట. కళ్ళు మూసుకుని, చేతిలో పెట్టినదేంటో చెప్పాలి, అంతే. నెలాఖరుకి" అన్నాడు.

అది నెగ్గితే అదురుబల్ల అతనిది. నెగ్గకపోతే ఇంటికి.

ఇంటికొచ్చి బాబాయ్ చెప్పులైనా విప్పకుండా కూర్చుండిపోయాడు. పిన్ని కుట్టుడబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. "దీనికేంటి, నేర్చుకుందాం. మీ చెయ్యి బద్ధకించింది, అంతే" అంది. అతని చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టించి, కళ్ళు మూయించి, తాళంచెవి పెట్టింది. "గుండీ" అన్నాడు. గుండీ పెడితే "ఏమో" అన్నాడు. అగ్గిపుల్ల పెడితే, అసలు పెట్టిందని కూడా తెలియలేదు. కళ్ళు తెరిచి అగ్గిపుల్ల వంక చూశాడు. ఆ ముఖం పిన్ని చూడలేకపోయింది. అప్పటికప్పుడు ఆవిడ బుర్రలో పుట్టింది ఆ పాడు ఆలోచన.

మర్నాటి నుంచి తాళంచెవి పెట్టినప్పుడల్లా "చెప్పండి" అనేది. గుండీ పెడితే "ఇదేంటో మరి?" అనేది. అగ్గిపుల్లకి చిన్నగా దగ్గేది. పాత నట్టు ఒకటుంది డబ్బాలో. దానికి మాత్రం ఏమీ అనేది కాదు. మొదట ఒకటీ అరా సరిగ్గా చెప్పాడు. వారం తిరక్కుండా అన్నీ చెప్పేస్తున్నాడు.

"చూశావుటోయ్! వస్తోంది! వేలి చివర చీమ పాకినట్టుగా వస్తోంది!" అని కేక పెట్టాడు ఒక సాయంత్రం.

"నేను చెప్పలేదూ?" అంది పిన్ని, పొయ్యి వైపు తిరిగి.

"నువ్వేం చెప్పావు? బద్ధకమన్నావు. నా చేతికి బద్ధకమా?"

"చేతికి కాదులెండి, మనిషికి."

అలా వేళాకోళాలు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వు వినపడింది. బాబాయ్ ఆవురావురుమని తిన్నాడు, గాఢంగా నిద్రపోయాడు, పెట్టెలోంచి చొక్కా తీయించుకుని గుండీలు ఆవిడ చేతే పెట్టించుకున్నాడు. "డాక్టరు దగ్గర నెగ్గాక నేనే పెట్టుకుంటా" అన్నాడు. మోసం చేస్తున్నానని పిన్నికి తెలుసు. కానీ ఏదో మూల ఆవిడకీ ఆశ పుట్టింది. ఇంత నమ్మకంగా చెబుతున్నాడు కదా, నిజంగానే కొంచెం తెలుస్తోందేమో, నా మాటలు ఊరికే ఊతమేమో అనుకుంది. కల్ల చెప్పి చెప్పి తానే నమ్మేసింది పిచ్చిది.

డాక్టరు గది షెడ్డు పక్కనే. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఆనించిన బెంచీ. బెంచీ మీద పిన్నిని కూర్చోబెట్టి, "మీరు మాత్రం మాట్లాడకండమ్మా" అన్నాడు డాక్టరు. అప్పటిదాకా ఆవిడకి తట్టనే లేదు, గది నిశ్శబ్దంగా ఉంటుందని.

బాబాయ్ ఠీవిగా చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు చిన్న దూది ఉండ తీసి అరచేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.

బాబాయ్ క్షణం ఆగాడు. పెదవుల మీద చిరునవ్వు. "నట్టు" అన్నాడు.

డాక్టరు దూది తీసేసి కలం మూత పెట్టాడు.

"ఇదీ నట్టే."

పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క దగ్గు. ఒక్క మాట. ఏదో ఒకటి అనాలని గొంతు దాకా వచ్చింది. కానీ కలం మూతకీ దూదికీ వాళ్ళ మధ్య మాటలే లేవు కదా, ఏమని చెబుతుంది?

డాక్టరు దువ్వెన పెట్టాడు. ఈసారి బాబాయ్ చాలాసేపు ఆగాడు. తల కొంచెం పక్కకి వంచాడు, బెంచీ ఉన్న వైపుకి. ఎదురుచూశాడు. గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. "నట్టు" అన్నాడు. కళ్ళు తెరిచాడు. దువ్వెన చూశాడు. తర్వాత డాక్టరు వంక కాదు, పెళ్ళాం వంక చూశాడు.

డాక్టరు మెత్తగానే చెప్పాడు. నరాలు దెబ్బతిన్నాయి, ఇక అదిరే దేని దగ్గరికీ వెళ్ళకూడదు.

"వెళ్ళకపోతే మామూలవుతాయా బాబూ?" అంది పిన్ని.

"ఇంకా పాడవకుండా ఉంటాయమ్మా."

ఆ షెడ్డులో అదరని పని ఏముంది? జల్లెళ్ళు అదురుతాయి, తొట్లు అదురుతాయి, పొడి జారే గొట్టాలు అదురుతాయి. వేరే పని చూస్తామంటూనే సూపర్‌వైజర్ నీళ్ళు నమిలాడు. బాబాయ్ అతన్ని ఇబ్బంది పెట్టలేదు. తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఆగి ఉన్న ఖాళీ డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడి, వచ్చేశాడు.

దారి పొడుగునా అతను రెండడుగులు ముందే నడిచాడు. పిన్ని తిట్లకి సిద్ధపడింది. తిడితే బాగుండుననుకుంది. ఇంటికొచ్చాక అతనే కుట్టుడబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. గుండీలు దొర్లి కింద పడ్డాయి.

"నువ్వు మాట్లాడేదానివి" అన్నాడు.

"అవును."

"డ్రమ్ముల దగ్గర కూడా. మూత జరిపేదానివి."

పిన్ని తల దించుకుంది.

"అయితే నాకు ఎప్పుడు పోయింది చెయ్యి?"

అతని కళ్ళలో నీళ్ళు తిరగడం ఆవిడ మొదటిసారి చూసింది. కోపం కాదు అది. కోపమైతే ఓర్చుకునేది.

"ఒక్కసారి పెట్టు. ఈసారి నోరు మెదపకు" అన్నాడు. చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "ఒక్కటి చెప్పగలిగితే చాలు నాకు."

పిన్ని బల్ల మీది వస్తువులన్నీ చూసింది. తాళంచెవి చెప్పలేడు. గుండీ చెప్పలేడు. నట్టు పెడదామా అంటే, నట్టు అంటాడు, అది మళ్ళీ మోసమే అవుతుంది. ఏది పెడితే తెలుస్తుంది ఈ మనిషికి? ఈ చేతికి అన్నిటికన్నా బాగా తెలిసినదేంటి? ఆలోచించి ఆలోచించి, ఊపిరి బిగబట్టి, తన చెయ్యి తీసి అతని అరచేతిలో మెల్లగా పెట్టింది. పెళ్ళినాటి నుంచి పట్టుకున్న చెయ్యి. జ్వరాల్లో, జనంలో, రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్న చెయ్యి. దాని గరుకు, మూతలు బిగించి బిగించి వంకరపోయిన దాని బొటనవేలు. ఇది తెలియకపోతే ఇంకేం తెలుస్తుంది?

బాబాయ్ ముఖం బిగించి ఎదురుచూశాడు. వేళ్ళు కదల్లేదు.

"పెట్టవేమోయ్?" అన్నాడు.

పిన్ని చెయ్యి తీయలేదు.

"ఉండండి, వెతుకుతున్నా" అంది.