శనిగ్రహం అడిగిన కుసుమ

నేను ఒక వీఆర్ కళ్లజోడును. గుర్రానికి గంతలు కట్టినట్టు పిల్లల కళ్లకు కట్టేస్తే, కూర్చున్నచోటే గ్రహాలూ సముద్రగర్భాలూ చూపిస్తాను. ఇక పాఠమంటే పండగేనని నా అట్టపెట్టె మీద రాసి ఉంది. ఆ రాసినవాళ్లు దేవరవలస హైస్కూలు చూసి ఉండరు.

నేను బడికి వచ్చిన రోజున హెడ్మాస్టరు పరాంకుశం గారు కొబ్బరికాయ కొట్టి, నా రెండు అద్దాలకూ కుంకుమబొట్లు పెట్టారు. మొట్టమొదట ఏం చూద్దామని సైన్సు టీచరు అడిగితే, తొమ్మిదో తరగతి కుసుమ లేచి నిలబడింది.

"శనిగ్రహం టీచర్! దాని సుట్టూ సెక్రాలుంటాయంట. సూడాలనుంది."

హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డారు. "శుభమా అని మొదలెడతంటే శని ఏటే? కూకో! ముందు వెంకన్న దర్శనం పెట్టండి."

దర్శనం ఆయనకైంది. మర్నాడు వాళ్లావిడకు, ఆపైన అత్తగారికి, ఆ తర్వాత మేష్టర్లందరి చుట్టపక్కాలకూ అయింది. లడ్డూ ఒక్కటే తక్కువ. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతానట! అందుకని మిగతా వేళల్లో నన్ను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. కుసుమ మాత్రం రోజూ గుమ్మం దగ్గరికొచ్చి, "ఈయాల సూపిస్తారా సార్?" అని అడిగేది. దసరా సెలవులు వెళ్లాయి, అర్ధసంవత్సరం పరీక్షలూ వెళ్లాయి. ఈలోగా నా బ్యాటరీ చచ్చిపోయింది.

ఆ సంగతి తనిఖీ రోజు ఉదయం తెలిసింది. అప్పటికే జిల్లా అధికారి జీపు గేటు దాటింది. హెడ్మాస్టరు కంగారుగా కుసుమను పిలిచి, "నీ వంతొచ్చిందే! పెట్టుకుని ఆశ్చర్యపోవాలి, ఫొటో తీస్తారు" అన్నారు. నేను పనిచేయనని మాత్రం చెప్పలేదు.

ఆ పిల్ల నన్ను తగిలించుకుంది. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

"ఏం కనబడుతోందమ్మా?" అన్నారు అధికారి.

"ఏటీ అవుపడ్డం లేదు సార్. అంతా సీకటే."

పరాంకుశం గారు తడుముకోలేదు. "అంతరిక్షం పాఠం సార్. అక్కడంతా చీకటే కదా!"

అధికారి మురిసిపోయి, పిల్లలు పాఠంలో లీనమైపోతున్నారని రాసుకున్నారు. బడికి ఉత్తమ పాఠశాల బహుమతి వచ్చింది. ఆనాటి ఫొటోకు ఫ్రేము కట్టించి హెడ్మాస్టరు గదిలో వేలాడదీశారు. అందులో కుసుమ నోరు తెరుచుకుని ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఆ ఆశ్చర్యం చూసి ముచ్చటపడతారు. ఆ పిల్ల అప్పుడు ఏడుస్తోంది. కళ్లు నా వెనకాల ఉన్నాయి కనుక, ఆ తడి నాకొక్కదానికే తెలిసింది.