కొమాగెలో కుడి సీటు

కంపెనీ మాట ఒకటే. ఐదువందల గంటలు ఎగిరి రా, అప్పుడు ఉద్యోగం ఇస్తాం. ఎగరాలంటే విమానం కావాలి. విమానాలన్నీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఇందులో ఉన్న మోసం తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మూడో తరగతి దాటని నాకే తెలిసింది.

మా అక్క కూతురు డెల్మా ఎగిరింది రెండువందల ముప్పై గంటలు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో నేర్చుకుని పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. అది పట్టుకుని గొరోకాలో హైరిడ్జ్ కంపెనీ ఆఫీసుకి వెళ్తే, "గంటలు చాలవు, ముందు కౌంటర్లో కూర్చో, చూద్దాం" అన్నారు. కూర్చుంది. టికెట్లు రాసింది, సామాన్లు తూచింది, సాయంత్రాలు విమానాల పొట్ట కింద పాకి నూనె మరకలు తుడిచింది. అలా రెండేళ్లు. టికెట్లు రాస్తే ఎగిరిన గంటలు పెరగవు. ఆ రెండేళ్లలోనే న్యూజీలాండ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల గంటలూ ఇంచుమించు అన్నే. వాళ్లని కౌంటర్లో కూర్చోమని ఎవడూ అనలేదు. తిన్నగా తీసుకెళ్లి కుడి సీట్లో, అంటే కోపైలట్ సీట్లో కూర్చోబెట్టారు. వాళ్ల బ్యాగులు తూచింది డెల్మా.

నేను మా కొండ ఊరు కొమాగెలో ఆ కంపెనీకి ఏజెంటుని. పేరు పెద్దది. ఉన్నదల్లా ఒక కాటా, ఒక రేడియో, రేకు కప్పిన గుడిసె. గురువారం గురువారం విమానం వస్తుంది. మనుషుల్నీ కాఫీ బస్తాల్నీ తూచి ఎక్కిస్తాను. ఈ రన్‌వే కంపెనీ వేసింది కాదు. మా నాన్నలూ అమ్మలూ పారలతో, పదును చెక్కిన కర్రలతో కొండ నడుము తవ్వి చదును చేసింది. చదును అంటే పూర్తి చదును కాదు, ఏటవాలు. విమానం ఎగువకు దిగాలి, దిగువకు పరుగెత్తి లేవాలి. దిగువ చివర నేల ఉండదు. లోయే. ఎప్పుడో వేరే కంపెనీ విమానం ఒకటి బరువెక్కువై లేవలేక ఆ లోయలో పడింది. మా పందుల దొడ్డికి ఉన్న తలుపు దానిదే.

న్యూజీలాండ్ కుర్రాళ్లలో ఒకడు పెద్ద కంపెనీ దొరికిందని వెళ్లిపోయాడు. సీటు ఖాళీ అయింది. కెప్టెన్ టాలిస్ డెల్మాని పిలిచి, "ఒక్క ట్రిప్పు కుడి సీట్లో కూర్చో. నేను సరే అంటే ఆ సీటు నీది. కాదంటే కౌంటరే, ఇంక నన్ను అడగొద్దు" అన్నాడట. ఆ ట్రిప్పు కొమాగెకే. ఈ సంగతి నాకు చెప్పింది, నేను ఊరందరికీ చెప్పాను.

విమానం దిగి, ఇంజన్లు ఆగి, కుడివైపు కిటికీలోంచి మా పిల్ల మొహం కనిపించేసరికి జనం ఊగిపోయారు. ఆడవాళ్లు పండక్కి పూసుకునే రంగు మట్టి పూసుకుని వచ్చారు, పాట అందుకున్నారు. టాలిస్ దిగి చెమట తుడుచుకున్నాడు. పదకొండేళ్ల నుంచి ఈ కొండల్లో ఎగురుతున్నాడు, ఒక్కరోజు కూడా మా నీళ్లు తాగలేదు.

"ఏం ఏజెంటూ, పెళ్లి చేస్తున్నారా ఏంటి?" అన్నాడు.

"మా పిల్లని చూడ్డానికొచ్చారు."

"చూసుకోండి. సాయంత్రానికి మళ్లీ కౌంటర్లోకి రావచ్చు." డెల్మా వైపు తిరిగాడు. "లోడు నీదే. ఎవర్ని ఎక్కిస్తావో, ఏది దించుతావో నీ ఇష్టం. నేను నోరు తెరవను."

మా ఊళ్లో తూకం ఎలా జరుగుతుందో చెప్పాలి. కాటా ఎక్కేముందు ఆడవాళ్లు తలకి వేలాడే బిలుమ్ సంచి తీసి పక్కవాళ్లకి ఇస్తారు. అందులో చిలగడదుంపలుంటాయి, ఒక్కోసారి పందిపిల్ల కూడా. ఒంటిమీద బట్టతో కాటా ఎక్కి దిగుతారు. దిగాక సంచి మళ్లీ తలకెక్కుతుంది. నేను చూడనట్టు ఉంటాను, పైలట్ చూడనట్టు ఉంటాడు. ఇది తప్పని ఎవరూ అనుకోరు, ఇది తూకం పద్ధతి. డెల్మా చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ సంచి పట్టుకుని కాఫీ బస్తాల వెనక నక్కి కూర్చునేది.

అందుకే ఆ రోజు కాటా దగ్గర నిలబడలేదు. తిన్నగా బస్తాల వెనక్కి వెళ్లి నిలబడింది.

మొదట దొరికింది అగతా అవ్వ. డెల్మా అమ్మమ్మకి చెల్లెలు.

"అవ్వా, ఆ సంచి వేసుకుని ఎక్కు."

"ఏ సంచే? నాది కాదు."

"నీది కాకపోతే ఇక్కడే ఉండిపోతుందిలే."

అవ్వ మొహం మాడిపోయింది. సంచి తగిలించుకుని కాటా ఎక్కింది. ముల్లు ఉరికింది. "నిన్ను నడుముకి కట్టుకుని మోసినప్పుడు ఏ కాటా పెట్టానే?" అంది. జనం నవ్వారు, డెల్మా నవ్వలేదు. ఒక్కొక్కళ్లనీ సంచితో సహా ఎక్కించింది. పాట ఆగిపోయింది. "పైకెక్కించింది మనమే, ఇప్పుడు మన నెత్తిన తొక్కుతోంది" అని ఎవరో అన్నారు, ఆమెకి వినపడేలాగే.

మనుషుల బరువు నిజంగా తేలేసరికి, కూలివాళ్లు ఎక్కించేసిన కాఫీకి చోటు తగ్గింది.

"నాలుగు బస్తాలు దించండి" అంది డెల్మా.

అంతవరకూ విమానం రెక్క నీడలో చుట్ట కాలుస్తున్న టాలిస్ లేచాడు. "ఏ బస్తాలు?"

"కాఫీ. బరువెక్కువైంది. ఎండెక్కింది, గాలి పల్చబడింది. ఈ బరువుతో లేవదు."

"లేస్తుంది. ఇంతకంటే ఎక్కువేసుకుని లేచాను, నీకు పాల పళ్లుండగానే." నవ్వాడు. "ఆ కాఫీకి కిరాయి కట్టారు. దింపడం కుదరదు."

"మరి మనుషుల్ని దింపనా?"

"ఎవర్నీ దింపక్కర్లేదు. మీవాళ్లంతా సంచులు దాచుకుని ఎక్కుతారని నాకు తెలీదనుకున్నావా? నాకు తెలుసు, విమానానికీ తెలుసు. లోడు కాగితం మీద సంతకం పెట్టి వచ్చి కూర్చో. ఇదే పరీక్ష. ఆ కుర్రాళ్లిద్దరూ పెట్టారు."

"నేను పెట్టను. నువ్వే పెట్టుకో."

టాలిస్ చుట్ట విసిరి కాలితో నలిపాడు. జనం వైపు తిరిగి, మా భాష రాకపోయినా మాకు అర్థమయ్యే బజారు భాష టోక్ పిసిన్‌లో గట్టిగా చెప్పాడు. "వినండి. ఈ పిల్ల సీటుకి పనికిరాదు. రెండువందల గంటలు ఎగిరి నాకు పాఠాలు చెప్తోంది. దీనికి కౌంటరే ఎక్కువ. ఏయ్ పిల్లా, నువ్వు వెనక కూర్చో, సామాన్ల దగ్గర. నేనే తోలుకుపోతా."

డెల్మా ఏదో పోగొట్టుకున్నట్టు తన చేతుల వైపు చూసుకుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

రన్‌వే పక్కనే గోర్గోర్ మొక్కలు ఉంటాయి. అల్లం లాంటి మొక్క, పొడుగాటి ఆకులు. ఒక కాడ పీకి ముడేసి దారిలో పాతితే ఇంక ఎవరూ దాటరు. దాటితే పందులివ్వాలి, లేదా తగువుకి రావాలి. పాతినవాడే పీకాలి. పాతాను. సరిగ్గా విమానం ముక్కు ముందు.

అప్పటిదాకా డెల్మాని తిట్టినవాళ్లు కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు. టాలిస్ మొహం ఎర్రబడింది. గోర్గోర్ అంటే ఏంటో అతనికి బాగా తెలుసు.

"పీకెయ్, ఏజెంటూ."

"ఈ నేల మా నాన్న తవ్వింది, కెప్టెన్. మా పిల్ల మీద ఎందుకలా మాట్లాడారో చెప్పండి, పీకుతా."

"నీ ఏజెంటు ఉద్యోగం పోతుంది."

"పోనీండి. కాటా కూడా మీదే, పట్టుకుపోండి. బాగా బరువుంటుంది మరి."

జనం గొల్లుమన్నారు. టాలిస్ లోయ వైపు చూశాడు. మబ్బు దిగువ నుంచి పాకుతూ వస్తోంది. మధ్యాహ్నానికి లోయ మూసుకుపోతుంది. ఇంక ఎగరడం మర్నాడు పొద్దున్నే. మా దగ్గర రాత్రి పడుకోవడమంటే అతనికి చావు.

"సరే" అన్నాడు. "సీటు ఆమెదే. ఆఫీసులో చెప్తాను. ఆకు తియ్. కాఫీ ఉన్నదున్నట్టు ఉంటుంది. ఎక్కండి అందరూ."

గెలిచాననుకున్నాను. వంగి ఆకు మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోకు మామా" అంది డెల్మా.

"సీటిచ్చాడే."

"వినపడింది. ఇచ్చింది ఆకుకి, నాకు కాదు. గొరోకాలో దిగిన వెంటనే కొండవాళ్లు దారి కట్టేసి బెదిరించారంటాడు. అది పోనీ. ఆ నాలుగు బస్తాలతో అవ్వని లోయ మీదికి తీసుకుపోతానంటున్నాడు, నీకది వినపడలేదా?"

"రెండేళ్లు ఏడ్చావు ఆ సీటు కోసం."

"ఏడ్చాను. నువ్వు చూశావు. ఇప్పుడు చెప్పేది విను. ఆకు సీటు కోసం కాదు. బస్తాలు దిగేదాకా ఉంచు. బస్తాలు దిగితే పీకెయ్. సీటు సంగతి ఇంక ఎత్తకు."

"పిచ్చిదానివా?"

"మామా, నీ దొడ్డి తలుపు ఎక్కడిదో మర్చిపోయావా?"

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. నేను ఆమె కోసం పాతిన ఆకుని ఆమె నా చేతిలోంచే లాక్కుని ఇంకోదానికి వాడింది. అయినా చెయ్యి తీసేశాను.

టాలిస్ కూలివాళ్లని పిలిచాడు. ఎవరూ కదల్లేదు. ఆకు పాతి ఉండగా ఆ విమానాన్ని ముట్టుకునేవాడు మా ఊళ్లో పుట్టలేదు. మబ్బు చెట్ల మొదళ్ల దాకా వచ్చింది. చివరికి తెల్లచొక్కా కెప్టెన్ తనే లోపలికెక్కి, బస్తాలు ఒక్కొక్కటీ ఈడ్చి నేలమీదికి తోశాడు. నాలుగో బస్తా చిరిగి గింజలు కాళ్ల మీద పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఆ బస్తాలు మోసి మోసి మా వీపులు కాయలు కాసిపోయాయి.

నేను ఆకు పీకాను.

"ఈ కంపెనీలో నువ్వు మళ్లీ సీటు మొహం చూడవు" అన్నాడు టాలిస్.

"తెలుసు. ఇవాళ్టికి చూస్తా" అని డెల్మా కుడివైపు ఎక్కింది.

ఎగిరే ముందు పైలట్లు రేడియోలో చెప్పాలి, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంతమంది అని. ఆ కొండల్లో ఉన్న విమానాలన్నీ, ఏజెంట్లందరూ అదే వింటారు. డెల్మా గొంతు నా గుడిసెలో రేకులు అదిరేలా వచ్చింది. కొమాగె నుంచి గొరోకాకి, పన్నెండుమంది, అంది. తర్వాత ఆగకుండా, "సంచులతో సహా తూచాం. బరువెక్కువైంది. నాలుగు బస్తాల కాఫీ కొమాగెలో దించాం. వాటితోనే ఎగరమన్నారు, నేను సంతకం పెట్టలేదు. పేరు డెల్మా కౌపా."

విమానం వాలులో పరుగెత్తింది. లోయ అంచు ఇంకా ఉండగానే నేల వదిలింది. ఆ నాలుగు బస్తాలు ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

తర్వాత రేడియోలో ఒక కుర్రాడి గొంతు. మిగిలిన న్యూజీలాండ్ వాడు, బ్రెండన్. ఎక్కడో ఇంకో కొండ మీద, ఇంకా ఎగరకుండా ఉన్నాడు. "కొమాగె విమానం, విన్నాను. మా దాంట్లో కూడా ఎక్కువే ఉంది. దించిస్తున్నాను." వెనక నుంచి వాడి కెప్టెన్ అరుపు, "మూయరా ఆ మైకు." కట్ అయింది.

ఆ పిల్లాడి మీద రెండేళ్లు పళ్లు నూరాను. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టి వాడూ ఏ రోజూ కంటినిండా నిద్రపోలేదని నాకెవరు చెప్పారు?

గొరోకాలో ఏం జరిగిందో నేను చూడలేదు. డెల్మాని కౌంటర్ నుంచి కూడా తీసేయాలని టాలిస్ పట్టుబట్టాడట. కాటా చెప్పినదాని మీద ఒక్క కిలో ఎక్కినా ఎగరనని బ్రెండన్ అడ్డం తిరిగాడట. అప్పుడు కాఫీ పండే రోజులు. ఒక సీటు ముందే ఖాళీ, ఇంకోటి ఖాళీ అయితే ఒక విమానం కూర్చుండిపోతుంది. కంపెనీకి బుద్ధి రాలేదు, కాఫీ సీజన్ వచ్చింది. ఆమెకున్న ఆ గంటలే అప్పుడు సీటుకి చాలాయి.

మాకు మాత్రం కొన్ని గురువారాలు విమానం రాలేదు. దారి కట్టేసిన ఊరికి ఎందుకు రావాలన్నారు. మలేరియా పట్టినవాళ్లని మంచం కట్టి భుజాల మీద రోడ్డు దాకా మోశాం. దించేసిన నాలుగు బస్తాలు నా గుడిసెలో బూజు పట్టాయి. ఊళ్లో సగంమంది డెల్మా పేరెత్తితే ఉమ్మేశారు, మిగతా సగం నా పేరెత్తితే.

తర్వాత ఒక గురువారం వచ్చింది. కెప్టెన్ వేరేవాడు. కుడి సీట్లోంచి డెల్మా దిగింది. భుజం మీద చారలున్న చొక్కా, ఇస్త్రీ నలగలేదు. పాట ఎవరూ పాడలేదు. ఆమె ఎదురుచూడలేదు కూడా. తిన్నగా కాటా దగ్గరికొచ్చింది.

ఆ రోజు నేను కూడా గొరోకా వెళ్లాలి. మూట నిండా ఎండిన పొగాకు, సంచిలో పందిపిల్ల.

"ఎక్కు మామా."

"నీకోసం ఆకు పాతినవాణ్ణే నేను."

"అందుకే ముందు నిన్నే తూస్తున్నా. ఆ సంచి కూడా."

ఎక్కాను. పందిపిల్ల కీచుమంది. ముల్లు చూసి ఆమె తల అడ్డంగా ఊపింది. "పిల్లని పట్టుకుని ఒకావిడ ఆసుపత్రికెళ్తోంది. నీకు చోటు లేదు. వచ్చేవారం రా."

"నీ మొహం చూస్తే మీ అమ్మ గుర్తొస్తోందే. అదీ ఇలాంటి రాయే."

"చెప్తాన్లే అమ్మకి" అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

అగతా అవ్వ నా పక్కన నిలబడి పగలబడి నవ్వింది. ఇంజన్లు లేచాయి, దుమ్మంతా నా కళ్లలోనూ పొగాకులోనూ పడింది. బూతులు తిట్టాను, ఒక్కటీ ఆమెకి వినపడలేదు. గోర్గోర్ మొక్క చేతికందే దూరంలోనే ఉంది. విమానం అంచు దాటి లేచేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఒక్క కాడా పీకలేదు.