చెక్క చప్పుడు

అప్పట్లో నా భయం ఒక్కటే. ఇసుకాయన రిటైరై వెళ్లిపోయాక చెక్క కొడితే ఎవరూ రారని, ఎవరి గదుల్లో వాళ్లు తలుపులేసుకుంటారని. ఇక కొట్టాల్సింది నేనే మరి.

పనిలో ఆఖరి రోజు కూడా ఆయన ఎప్పటిలాగే ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పొడవాటి తొట్టిలో ఇసుక తడుపుతున్నాడు. బక్కపలచటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగిపోయింది. వేళ్ల సందుల్లో ఇసుక ఎంత కడిగినా పోదు. కుళాయి తిప్పితే నీళ్లు ఇసుకను కోసుకుంటూ దిగుతాయి. చూస్తుండగానే చిన్న నదవుతుంది, పాయలవుతుంది, గట్లు కూలతాయి. నేల రూపం ఎలా మారుతుందో అలా చూసి తెలుసుకునేవాళ్లు ఆ భవనం నిండా ఉన్నారు. నదుల మేడమ్‌కి ఒక గది, కొండచరియల సారుకి ఒకటి, ఇసుక దిబ్బలవాళ్లకి ఇంకొకటి. తొట్టి మాత్రం అందరికీ కలిపి ఒక్కటే.

మొదట్లో ఎవరి వంతు రోజు వాళ్లు నీళ్లు వదిలి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవారట. ఈయన ఇసుక చదును చేసేవాడు. ఒకసారి మేడమ్ పారించిన నదిని ఈయన అలా చదును చేసేశాక సారు వచ్చి, "అయ్యో, ఆ గట్టు కూలడమే కదయ్యా నేను వెతుకుతున్నది!" అని తల పట్టుకున్నాడట. ఆ పూట ఈయనకు ముద్ద దిగలేదు. మర్నాటినుంచి మొండికేశాడు. పక్క గదివాళ్లు వచ్చి చూడందే చెరపనన్నాడు. చదును చేసే చెక్కతోనే తొట్టి అంచు మీద కొట్టి అందరినీ పిలిచేవాడు. పైగా ఇంకో మెలిక పెట్టాడు, అందరికంటే కొత్తగా వచ్చినవాళ్లే ముందు మాట్లాడాలని.

"పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే కొత్తవాళ్లు తలూపి ఊరుకుంటారమ్మా" అనేవాడు నాతో.

మొదట నవ్వారట. ఇప్పుడు రెండు మూడు గదులు కలిసి చేసే పనే ఎక్కువ.

చదువు మధ్యలో ఆగిపోయి, చంకలో పాపతో గదులు తుడవడానికి వచ్చిన నన్ను కూడా ఆయన ఆ తొట్టి దగ్గరికే లాగాడు. "పాపనలా ఇసుకలో కూర్చోబెట్టి ఇటు రా, ఈ చెక్క పట్టుకో" అన్నాడు. అలా నేర్చుకున్నాను.

ఆ ఆఖరి రోజు సాయంత్రం నీళ్లు కట్టేసి చెక్క నా చేతికిచ్చాడు.

"నేనా బాబాయ్? నా మాటకెవరొస్తారు?"

"మాటకెందుకొస్తారే, చప్పుడుకొస్తారు. కొట్టు."

కొట్టాను. ఎవరూ రాలేదు.

"అదేంటే, దోమను కొట్టినట్టు!"

మళ్లీ కొట్టాను. చెయ్యి జుమ్మంది. నదుల మేడమ్ సగం తిన్న బ్రెడ్డుతో వచ్చింది. దిబ్బలవాళ్లు వచ్చారు. సారు వస్తూనే, "ఇదిగో, ఈ గట్టు..." అని మొదలెట్టాడు. అందరూ నా వైపు చూశారు.

"సార్, మీరు ఆఖర్న."

"తప్పయిపోయింది తల్లీ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

వేరే దేశం నుంచి పోయిన వారమే వచ్చిన అమ్మాయి ఉంది. మన మాట ఇంకా సరిగ్గా రాదు. వంగి, దారమంత పాయను వేలితో చూపించింది. "ఇది... పైకి తవ్వింది. పక్క నది కోసం."

ఆ పాయ ఎగువకు తవ్వుకుంటూ పోయి పక్క నది నీళ్లను తనలోకి లాక్కోబోతోంది. అంతవరకూ దాన్నెవరూ చూడలేదు. మేడమ్ బ్రెడ్డు పక్కనపెట్టి మోకాళ్ల మీద కూలబడింది. సారు ఆమె పక్కనే.

విన్నావా బాబాయ్ అందామని తిరిగితే ఆయన లేడు. గుమ్మం దగ్గర చెప్పులూ లేవు.

ఆ భయం తీరింది. ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. బస్ డిపో వెనక మేడ మీద గదిలో ఒక్కడే ఉంటాడు. పాపకు జ్వరం, నేను కదల్లేను. ఇది చదివి మీరెవరైనా అటువైపు వెళ్తే ఒకసారి తలుపు తట్టి ఎలా ఉన్నాడో చూడండి. ఆ చెక్క ఇంకా తొట్టి అంచు మీదే ఉందని, పట్టుకునేచోట ఆయన బొటనవేలి గుంట అలాగే ఉందని చెప్పండి.