భీముడి చేతిలో చెక్కగద

నేను ఒక గదను. పురాణాల్లోదాన్ని కాదు, మద్రాసు వడపళనిలో ఒక రేకుల షెడ్డులో పుట్టినదాన్ని. లోపలంతా వేపచెక్క, పైన ఇత్తడి రేకు. నాకొక తోబుట్టువు కూడా ఉండేది. కాగితపు గుజ్జుతో చేసి బంగారు రంగు పూసిన తేలిక గద. దగ్గరి షాట్లకు నేను, కొట్టుకునే షాట్లకు అది. దేవుళ్ళ వేషాలు వేసుకున్నా మనుషులు తమ ఎముకల సంగతి మరిచిపోరు.

నన్ను మొదట భుజానికెత్తుకున్నవాడు కొల్లిపర భూషణం. భీముడు అతనికి మొదటి పెద్ద వేషం. దుర్యోధనుడు మాణిక్యరావు. ఇద్దరిదీ రేపల్లే. మాణిక్యరావు నాలుగేళ్ళు పెద్ద. నాటకాల్లో తన పక్కన పెరిగిన భూషణాన్ని మద్రాసు తీసుకొచ్చి తన గదిలోనే పెట్టుకున్నాడు. మడత నలగని చొక్కా ఒక్కటే ఉంటే, ఎవరికి సినిమా కంపెనీ నుంచి పిలుపొస్తే వాళ్ళు తొడుక్కునేవారు. ఈ సినిమాలో భీముడి వేషానికి భూషణం పేరు చెప్పింది కూడా ఆయనే.

చివరి గదాయుద్ధం తీస్తున్నారు. దెబ్బ తగలగానే కాగితపు గద సొట్టపడిపోతోంది. డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"చెక్కది ఇవ్వండి సార్. తొడ దాకా వచ్చేసరికి ఆపేస్తాను," అన్నాడు భూషణం.

డైరెక్టరు మాణిక్యరావు వంక చూశాడు.

"కానివ్వండి. మావాడు ఆపుతాడు."

భీముడు గద ఎత్తాలి, దుర్యోధనుడు హడలిపోవాలి. రాసింది అంతవరకే. కెమెరా తిరుగుతుండగా మాణిక్యరావు హడలిపోలేదు. అంతా పోగొట్టుకున్న రాజు ఇంక పోయేదేముందన్నట్టు నింపాదిగా నవ్వాడు. సెట్టు మొత్తం ఆయన్నే చూస్తోంది. పైన లైట్ల దగ్గరి మనుషులు కిందికి వంగి మరీ చూశారు. నా పిడి మీద భూషణం వేళ్ళు బిగుసుకున్నాయి. దెబ్బ నాది, మెప్పు నీదా అన్నట్టున్న బిగువు అది. ఆగవలసిన చోట అతను నన్ను ఆపలేదు.

"చెయ్యి జారిందన్నయ్యా!" అంటూ మాణిక్యరావు మీద పడి భోరుమన్నాడు. ఏడుపు నిజమైనదే కాబట్టి మాట కూడా నిజమేననుకున్నారు అందరూ.

ఆ తొడ ఎముక సరిగ్గా అతుక్కోలేదు. మాణిక్యరావు రేపల్లె వెళ్ళిపోయాడు. ఆ దెబ్బే వాల్‌పోస్టరయింది. భూషణం హీరో అయ్యాడు, కొన్నేళ్ళకి అన్నయ్య, తరవాత నాన్న, జడ్జి, తాతయ్య. వంద రోజుల పండగలో నిర్మాత నన్ను అతనికి బహూకరిస్తే, హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. వచ్చినవాళ్ళందరూ నా పక్కన ఫొటో దిగేవారు. అతను మాత్రం ఎప్పుడూ నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. బాపట్లలో షూటింగున్నప్పుడల్లా రేపల్లె వెళదామని కారెక్కేవాడట, సగం దారిలో తిప్పించేవాడట. డ్రైవరు వంటమనిషితో చెబుతుంటే విన్నాను.

పరిశ్రమ పెద్దలు హైదరాబాదులో భూషణానికి ఘనసన్మానం తలపెట్టారు. గద భుజాన వేసుకుని స్టేజీ ఎక్కాలని కోరారు. ఆయన సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను బీరువాలోంచి తీయించి, వెనక సీట్లో పడుకోబెట్టించి, డ్రైవరుతో "రేపల్లె పోనీ. ఈసారి నేను చెప్పినా తిప్పకు," అన్నాడు.

మాణిక్యరావు వరండాలో హార్మోనియం ముందున్నాడు. పక్కన చేతికర్ర. డ్రైవరు నన్ను వరండా గోడకి ఆనించి వెళ్ళాడు.

"నేనన్నయ్యా, భూషణాన్ని."

"తెలుస్తూనే ఉందిలే. రోజూ టీవీలో తాతయ్యవి నువ్వేగా. కూర్చో."

భూషణం కూర్చోలేదు.

"ఆ రోజు చెయ్యి జారలేదన్నయ్యా. నువ్వట్లా నవ్వేసరికి నాకు ఒళ్ళు మండింది. కావాలనే కొట్టా."

"నాకు తెలుసురా. నీకెదురుగా ఉన్నవాణ్ణి, నీ కళ్ళు నాకు కనపళ్ళేదనుకున్నావా?"



"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఆ షాటు అవతల పారేసి ఇంకోణ్ణి పెట్టి తీసేవాళ్ళు. కాలెటూ పోయింది. ఆ నవ్వు కూడా పోగొట్టుకోమంటావా? నాదంటూ తెర మీద మిగిలింది అదొక్కటేరా."

భూషణం కాళ్ళ మీద పడబోయాడు. మాణిక్యరావు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"లే. క్షమించానని నాచేత అనిపించుకోవాలని చూడకు. అది నావల్ల కాదు. మీ వదిన కాఫీ పెడుతోంది, తాగి వెళ్ళు."

నన్ను అక్కడే వదిలి వెళ్ళాడు భూషణం. "దీన్ని మోసుకుంటూ ఆ స్టేజీ ఎక్కలేను వదినా," అన్నాడు. మాణిక్యరావు భార్య కామేశ్వరమ్మ నన్ను తలుపు మూల నిలబెట్టింది.

సన్మానం ఆ ఇంటి టీవీలోనే చూశాను. గద ఏదండీ అని అడిగారు. భూషణం మైకు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. అది ప్రమాదం కాదన్నాడు, ఓర్వలేక కొట్టానన్నాడు, ఒక మహానటుడి బతుకు తన చేతులతో పాడుచేశానన్నాడు. అప్పుడు యాంకరమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఎంత వినయం సార్ మీది!" అంది. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. భూషణం రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ "కాదు, వినండి," అంటున్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. శాలువా కప్పేశారు.

"వాడి మాట ఒక్కడూ వినిపించుకోడేమే," అన్నాడు మాణిక్యరావు. కామేశ్వరమ్మ టీవీ కట్టేసింది.

ఇప్పుడు భూషణం తీరికైనప్పుడల్లా రేపల్లె వస్తున్నాడు. హార్మోనియం ముందు కూర్చుని ఇద్దరూ పాత పద్యాలు పాడుకుంటారు, శ్రుతి దగ్గర పోట్లాడుకుంటారు. ఆ రోజు మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. పద్యం మధ్యలో దాహమేస్తే మాణిక్యరావు ఎవరినీ అడగడు, సాయం పట్టబోతే ఊరుకోడు. కర్ర పట్టుకుని తనే లేస్తాడు. భూషణం సగం లేచి, మళ్ళీ కూర్చుంటాడు. ఆ కాలీడ్చుకునే చప్పుడు వంటింటి దాకా వెళ్ళి తిరిగొచ్చేవరకూ తల ఎత్తడు.