కాగితం కారులో అసలు తాళం

మూయ్ ఫోంగ్ రోజూ నాలుగున్నరకు లేచేది. పెసర మొలకల బుట్టల మీది తడిగుడ్డ తీసి, పొట్టు కడిగి, మొలకల్ని రెండు ప్లాస్టిక్ తొట్లలో నింపేది. ఒక గ్లాసు కాఫీ తాగేది. సరిగ్గా అయిదున్నరకు వాకిట్లో కారు రెండుసార్లు కీచుమనేది. ముడుచుకుని ఉన్న పక్క అద్దాలు విచ్చుకునేవి. ఆమె తొట్లు డిక్కీలో పెట్టి, ముందు ఎడమవైపు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేది. కుడివైపు సీటు కొంచెం కుంగేది. ఆ బెల్టు కూడా సాగి వచ్చి బిగిసేది. ఇంజను మొదలయ్యేది. అక్కణ్ణించి ఈపో ఊళ్ళోని పాత మార్కెట్టుకు పన్నెండు నిమిషాలు.

ఆమె భర్త ఫూంగ్ కామ్ వెంగ్ పోయి నాలుగు నెలలైంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమెను మార్కెట్టులో దింపాడు. ఇప్పుడూ దింపుతున్నాడు.

"ఏం వదినా, అన్న ఇవాళ కూడా నా ఐసు బండికి అడ్డంగానే పెట్టాడే!" అని చేపలమ్మే టక్ రోజూ అరిచేవాడు. "బతికున్నప్పుడు ఇంతే. పోయాకైనా బుద్ధి రావద్దా?"

"నాకెందుకు చెప్తావ్? ఆయనకే చెప్పు."

"చెప్పాను. హారన్ కొట్టాడు."

కారు తాళం కామ్ వెంగ్ దగ్గర ఉండిపోవడంలో తప్పు మూయ్ ఫోంగ్‌దే. అంత్యక్రియల రోజున, ఆచారం ప్రకారం, పోయినవాడికి అక్కడ పనికొస్తుందని కాగితంతో చేసిన ఇల్లు, టీవీ, కారు కాల్చారు. కాగితం కారుకు కాగితం తాళం కూడా ఇచ్చాడు దుకాణంవాడు. నల్లగా, అగ్గిపెట్టెంత, నాలుగు బొత్తాలు గీసి, అచ్చం అసలుదానిలాగే ఉంది. అసలుదీ అంతే కదా. దూర్చి తిప్పేది కాదు, జేబులో ఉంటే చాలు, తలుపులు తెరుచుకుంటాయి. రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. "తాళం లోపల పెట్టమ్మా" అని పూజారి అన్నాడు. ఆమె పెట్టింది. మంట లేచింది. ఇంటికొచ్చి సంచి తెరిచి చూస్తే అందులో కాగితం తాళం ఉంది. రెండో తాళాన్ని కామ్ వెంగ్ ఎప్పుడో చేపలు పట్టబోయి సముద్రంలో పడేసుకున్నాడు.

ఏడో రోజు పూజ అయిన మర్నాడు అయిదున్నరకు కారు కీచుమంది. ఆమె వెళ్ళి కూర్చుంది. ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుందే, నాలుగు నెలలుగా ఆమె మనిషంతా అలా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం, రెండు గంటల దూరంలో ఉన్న తైపింగ్ ఆసుపత్రి నుంచి అక్క లాన్ ఖేన్ ఫోన్ చేసింది.

"ఏమే, మొలకలన్నీ అమ్ముడుపోయాయా?"

"పోయాయక్కా. నీ గొంతేంటి అలా ఉంది?"

"షుగరు. కుడి కాలు మోకాలి కిందకి తీసేశారు. మూడు వారాలైంది. చెప్తే నువ్వేం చేస్తావులే అని చెప్పలేదు."

మూయ్ ఫోంగ్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"గురువారం మధ్యాహ్నం పంపించేస్తారట. తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ రాకపోతే సర్కారు వృద్ధాశ్రమానికి రాసేశారు. ఎక్కడో తూర్పు తీరానట. సంతకం పెడితే ఇక అక్కడే." లాన్ ఖేన్ నవ్వింది. "మీ ఆయన నా కాలు తన కారులో పడకూడదన్నాడుగా. నేను సగం తగ్గించుకున్నాను. ఇంకా ఒక్కటే మిగిలింది. అడిగి చూడు."

ఆ మాట కామ్ వెంగ్ అని పద్దెనిమిదేళ్ళయింది. కొత్త సంవత్సరం భోజనాల దగ్గర లాన్ ఖేన్ అతనితో, "నా చెల్లెల్ని బియ్యం బస్తాలా తెచ్చి దింపుతావు, బియ్యం బస్తాలా ఎత్తుకుపోతావు. దానికి నోరుంది, ఎక్కడికి పోవాలో ఒక్కసారి అడగవయ్యా" అంది. అతను చేతిలో అన్నం తినే పుల్లలు కింద పెట్టాడు. "ఈ మనిషి కాలు నా కారులో పడదు. నా కారు తైపింగ్ పొలిమేర తొక్కదు" అన్నాడు. ఆ తర్వాత కార్లు మూడు మారాయి, మాట మారలేదు.

ఆ రోజు మూయ్ ఫోంగ్ గిన్నెలో తల దించుకుని తింటూ ఉండిపోయింది. తర్వాత కూడా నోరు విప్పలేదు. మొగుడి మాట దాటని మనిషని బంధువులంతా ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన పని కాదది. అక్క అన్నదాంట్లో తప్పు లేదని ఆమెకు తెలుసు. తెలిసి ఊరుకోవడాన్ని విధేయత అనరు. ఒకరు నడిపిస్తుంటే కూర్చోవడం సుఖంగా ఉంటుంది, అంతే. ఆ సుఖం ఖరీదు ఆమె అక్క చెల్లించింది.

బుధవారం అయిదున్నరకు కారెక్కి, "తైపింగ్ వెళ్ళాలి. అక్కను తీసుకురావాలి" అని మెల్లగా అంది. ఇంజను చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా. కారు మార్కెట్టుకు వెళ్ళింది. రోజూ వెళ్ళే దారిలో, రోజూ వెళ్ళే వేగంతో.

ఒక్క పూటకైతే అద్దె కారు దొరుకుతుంది. కానీ అక్కను తెచ్చుకుంటే రోజు విడిచి రోజు కట్టు మార్పించాలి, ఆ తర్వాత పెట్టుడు కాలి కొలతలకు తిప్పాలి. తను చెప్పిన చోటికి పోయే కారు ఆమెకు కావాలి. మధ్యాహ్నం తాళాలు చేసే అజారీ దుకాణానికి వెళ్ళింది. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు.

"పాత తాళం పోయిందా ఆంటీ?"

"పోలేదు. మా ఆయన దగ్గరుంది."

"ఆయన ఎక్కడున్నారు?"

"పోయారు."

"అయ్యో." అజారీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎన్నింటికి వస్తారు?"

"అయిదున్నరకి."

"అయితే వినండి. పాత తాళం కారులో ఉండగా చేస్తే, కొత్తదాన్ని దాని పక్కన చేరుస్తాను. రెండూ పనిచేస్తాయి. పాతది లేకుండా చేస్తే కారు బుర్రలోంచి పాతవన్నీ చెరిపేసి మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఆయన వచ్చినా కారు ఆయన్ని గుర్తుపట్టదు."

"ఆయన ఉండగానే చెయ్యి."

"రేపు అయిదింటికి వస్తాను. నమాజు వేళకి వదిలిపెట్టండి చాలు. కారు కాగితాలు, ఆయన మరణ పత్రం తీసిపెట్టండి. ఊరికే ఎవరికి పడితే వాళ్ళకి చెయ్యను."

గురువారం మూయ్ ఫోంగ్ మొలకలు కడగలేదు. కారు కీచుమనగానే తన సీట్లో కూర్చుంది. కుడి సీటు కుంగింది, బెల్టు బిగిసింది. అజారీ ఆ తలుపు తెరిచి, చేతిలో యంత్రంతో నేలమీద మోకాళ్ళు ఆనించాడు.

"అంకుల్, కొంచెం కాళ్ళు జరపండి" అని, స్టీరింగ్ కింద వైరు తగిలించాడు. యంత్రం తెర వెలిగింది. "ఒక తాళం లోపలే ఉందంటోంది. మంచిది. ఇంకో నిమిషం ఆయన్ని ఇక్కడే ఉండనివ్వండి ఆంటీ, అయిపోతుంది."

"ఇది ఎందుకు చేస్తున్నామో ఆయనకు చెప్పలేదు" అంది మూయ్ ఫోంగ్.

అజారీ చేతులు ఆగాయి. గొంతు తగ్గించి, "చెప్పడం ఎందుకు? ఊరుకుంటే రెండు తాళాలూ ఉంటాయి. పొద్దున ఆయన దింపుతారు, మధ్యాహ్నం మీ పనులు మీరు చూసుకుంటారు" అన్నాడు.

ఆ మాటలో మోసం చాలా చిన్నది. అంతకన్నా పెద్దవి చేసి హాయిగా నిద్రపోయేవాళ్ళు ఊళ్ళో ఎంతోమంది ఉన్నారు. మూయ్ ఫోంగ్ ముందున్న అద్దంలోంచి గోడకేసి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను ఈ మనిషితో అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. దొంగతనంగా వెళ్తే అక్కను తెచ్చుకున్నట్టు అవదు, దాచుకున్నట్టు అవుతుంది.

"ఏవండీ" అంది, ఈసారి గట్టిగా. "నేను తైపింగ్ వెళ్తున్నాను. అక్కను తెచ్చి మనింట్లో పెట్టుకుంటాను. ఈ కారులోనే తెస్తాను. ఆరోజు అక్క అన్నది నిజం. నేనే అప్పుడు నోరు విప్పలేదు. మీరు ఉంటానంటే ఉండండి, నాకూ ఇష్టమే. వెళ్ళొద్దంటే మాత్రం వినను."

ఇంజను కాసేపు తిరిగింది. తర్వాత ఆగిపోయింది. బెల్టు ఊడి వెనక్కి పోయింది. సీటు పైకి లేచింది. అజారీ దారి ఇవ్వడానికన్నట్టు పక్కకు జరిగాడు.

తెర చూసి, "వెళ్ళిపోయారు ఆంటీ. తాళం లేదంటోంది" అన్నాడు. "రేపు మళ్ళీ వస్తారుగా. కోపం తగ్గాక చేద్దామా?"

"ఇవాళ గురువారం."

"చెరిపేస్తే మళ్ళీ తెచ్చివ్వలేను."

"తెలుసు."

చెరిపే ముందు యంత్రం పది నిమిషాలు ఆగమంది. ఎవరూ తొందరపడకుండా పెట్టిన నియమం అది, ఆ యంత్రాన్ని చేసినవాళ్ళకు మనుషుల సంగతి తెలుసు. వీధిలో ఎవరో గేటు తీశారు. పక్కింటి కుక్క వచ్చి టైరు వాసన చూసి పోయింది. పది నిమిషాలూ మూయ్ ఫోంగ్ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. తలుపు కదల్లేదు.

"ఇది మీరే నొక్కాలి. నేను నొక్కను" అని అజారీ యంత్రం ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె నొక్కింది. ఏదో ఒకటి అనిపిస్తుందనుకుంది. ఏమీ అనిపించలేదు. తెర మీద తాళాల లెక్క దగ్గర సున్నా వచ్చింది. కాసేపటికి ఒకటి వచ్చింది. అజారీ కొత్త తాళం ఆమె చేతిలో పెట్టి, "లైసెన్సు ఉందా?" అని అడిగాడు.

"ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్నాను. గడువు అయినప్పుడల్లా కట్టుకుంటూ వచ్చాను. ఎందుకో నాకే తెలీదు."

"ఇందులో గేర్లు మార్చే పని లేదు. కాలికింద రెండే ఉంటాయి. పెద్దది ఆగడానికి, సన్నది పోవడానికి. తికమకైతే పెద్దది తొక్కండి."

పాత రోడ్డు పట్టుకుని వెళ్ళింది. గంటకు నలభై దాటలేదు. లారీవాళ్ళు తిట్టుకుంటూ దాటిపోయారు. దారిలో కువాలా కాంగ్సార్ ఊరి దగ్గర ఆగి చేతుల చెమట గుడ్డముక్కతో తుడుచుకుని మళ్ళీ బయల్దేరింది. పదిన్నరకు ఆసుపత్రి వార్డులోకి వెళ్ళేసరికి లాన్ ఖేన్ పక్కన బట్టల సంచి కట్టేసి ఉంది. మంచం మీద ఆశ్రమం కాగితాలు, పెన్ను ఉన్నాయి.

నర్సు అడిగింది, "మీరెవరండీ?"

"చెల్లెల్ని. తీసుకెళ్ళడానికి వచ్చాను."

లాన్ ఖేన్ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "జుట్టంతా నెరిసిపోయిందేమే" అంది. తర్వాత ఆ కాగితాలు మడిచి నర్సు చేతికిచ్చింది. "ఇవి తీసుకుపోండి. మావాళ్ళొచ్చారు."

ఇద్దరు ఆయాలు కలిసి లాన్ ఖేన్‌ని చక్రాల కుర్చీలోంచి కారు ముందు ఎడమ సీట్లోకి దించారు. ఉన్న కాలు ఆమె తనే లోపలికి తీసుకుంది. మూయ్ ఫోంగ్ వంగి అక్కకు బెల్టు పెట్టింది. పెడుతుంటే ఆమె వేళ్ళలో సూదులు గుచ్చినట్టు మొదలైంది. అటు తిరిగి వచ్చి స్టీరింగ్ పట్టుకున్నా తగ్గలేదు. మోచేతుల దాకా, భుజాల దాకా పాకింది. తిమ్మిరి వదిలేటప్పుడు పుట్టే నొప్పి లాంటిది ఒళ్ళంతా లేచింది. ఆమె రెండు నిమిషాలు అలాగే కూర్చుంది.

గేటు దగ్గర రోడ్డు రెండుగా చీలింది, ఎడమకు ఈపో, కుడికి బజారు.

"ఎటే?" అంది లాన్ ఖేన్.

"నువ్వు పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఆసుపత్రి గంజి. అదీ ఓ తిండేనా?"

"అయితే ముందు నూడుల్స్ తిందాం" అంది మూయ్ ఫోంగ్. వెనక ఎవరో హారన్ కొడుతున్నా తొందరపడకుండా, కుడివైపు తిరిగింది.