మెత్తగా చెప్పే టీచరు

"కొటేషన్ మార్కులు తీసేశాం. తర్వాత?"

"దట్ పెట్టాలి టీచర్!" అంది పదో తరగతి మొత్తం ఒక్క గొంతుతో.

"ఈరోజు అన్నది?"

"ఆరోజు అవుతుంది!"

"రేపు?"

"మర్నాడు!"

టీచరు సుద్దముక్కతో బోర్డు మీది కొటేషన్లను ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. నడివయసు దాటిన మనిషి. చూపుడువేలు కొస సుద్ద తిని తిని పగిలిపోయింది. గొంతు ఎంత చిన్నదంటే చివరి బెంచీ వాళ్ళు చెవులు రిక్కించి కూర్చోవాలి. ఇంగ్లీషు పరీక్షలో డైరెక్ట్ స్పీచిని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చమని ఇచ్చే ప్రశ్నకి ఐదు మార్కులు. చేతికందే మార్కులు, వాటిని పోగొట్టుకున్నవాడంత దద్దమ్మ ఇంకొకడుండడని ఆమె నమ్మకం.

"'అయ్యో! మా ఇల్లు కాలిపోయింది' అన్నాడు ఒకతను. దీన్నెలా రాస్తాం?"

"అయ్యో కొట్టేసి, తమ ఇల్లు కాలిపోయిందని విచారంతో పలికాడు అని రాస్తాం టీచర్!"

"శభాష్."

చూడండి మరి. ఇల్లు కాలిన వాడి నోట్లోంచి ఆ ఒక్క అయ్యోని కూడా లాగేసుకుని, దానికి ఐదు మార్కులు వేస్తారు. ఇన్నేళ్ళుగా ఈ పని నేర్పుతున్నా టీచరుకి ఏనాడూ ఒళ్ళు మండలేదు. అసలు ఆమెకి కోపమే రాదని స్కూల్లో అందరూ అనుకునేవాళ్ళు. ఆమె కూడా అదే అనుకునేది.

క్లర్కు తలుపు దగ్గర నిలబడి, సార్ రమ్మంటున్నారని చెప్పాడు.

సారంటే స్కూలు యజమాని. ఈ స్కూలు ఆయన తండ్రి రెండు గదుల్లో పెట్టాడు. ఈయన దాన్ని మూడంతస్తులు చేశాడు. ఆయన నోటివెంట కటువైన మాట విన్నవాళ్ళు లేరు. ఎలా వింటారు? పువ్వులు తన నోటితో చల్లి, ముళ్ళన్నీ టీచరు చేతికిచ్చి పంపిస్తాడు. వాచ్‌మన్‌ని మానెయ్యమని చెప్పింది ఆమే. లెక్కల మాస్టారికి చెప్పిందీ ఆమే. పిల్లవాడు తప్పాడని తండ్రికి చెప్పి, ఆయన బల్లమీద తల పెట్టుకుని ఏడుస్తుంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిందీ ఆమే. "మీరైతే నొప్పి తెలియకుండా చెబుతారు టీచర్" అనేవాడు సారు. అది పొగడ్తనుకుని ఇంటికెళ్ళేదాకా మురిసిపోయిన పిచ్చి మాలోకం ఆమె.

"ఆయాని చూస్తున్నారుగా టీచర్," అన్నాడాయన, అద్దం పరిచిన బల్ల వెనక నుంచి. "వరండాలో కూర్చుని ఒకటే దగ్గు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళకి ముందు ఆ ముసలిదే కనబడుతోంది. రేపట్నుంచి గేటు లోపల అడుగు పెట్టొద్దని చెప్పెయ్యండి."

"మీరు చెబితే బాగుంటుందేమో సార్."

"నేనా? నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. నా మొహం చూస్తే ఏడుస్తుంది, నాకవన్నీ పడవు. మీరైతే మెత్తగా చెబుతారు."

ఆయా పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చుని మంచినీళ్ళ గ్లాసులు తోముతోంది. ఎండు కొమ్మల్లాంటి చేతులు. గ్లాసు తోమడం, దగ్గడం, మళ్ళీ తోమడం. టీచరు పక్కనే చీర కుచ్చిళ్ళు పట్టుకుని గొంతుక్కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో ఆమెకి వెతుక్కునే పని లేదు, అలవాటైపోయిన విద్య.

"ఆయమ్మా, సార్ నీ గురించే మాట్లాడారు. ఇన్నేళ్ళు చాకిరీ చేశావు కదా, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు."

ఆయా చేతిలో గ్లాసు ఆగింది. మొహం విప్పారింది.

"నా దగ్గు విన్నట్టున్నాడు బాబు. చూశావా తల్లీ, ఎంత పెద్దవాడైనా ఆ మనసు ఎక్కడికి పోతుంది? నాలుగు రోజులు పడుకున్నానంటే తగ్గిపోతుంది. సోమవారానికల్లా వచ్చేస్తాను, గ్లాసులు ఇంకెవరిచేతా తోమించొద్దని చెప్పు. సబ్బు వదలదు వాళ్ళకి."

టీచరు నోరు తెరిచింది. అంతలో తమ్ముడు గుర్తొచ్చాడు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాడు. తమ్ముడొచ్చి, "ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారక్కా" అన్నాడు. అమ్మకి నయమైందనుకుంది ఆమె. గది కడిగించింది, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. మర్నాడు పరీక్షలు దగ్గర పడ్డాయని బడికి వచ్చేసింది. అమ్మ మధ్యాహ్నమంతా దాన్ని పిలవండిరా, ఒక్కసారి పిలవండిరా అని అడుగుతూనే ఉందట. ఆమె ఇల్లు చేరేసరికి ఆ కొత్త దుప్పటి అమ్మ మొహం మీదికి లాగేసి ఉంది. "నువ్వు తట్టుకోలేవని మెత్తగా చెప్పానక్కా" అని తమ్ముడు ఏడిస్తే, పర్లేదులేరా అని వాడి వీపు నిమిరింది.

పర్లేదట! ఏం పర్లేదు? చివరి చూపు మింగేసిన మాట అది. ఇన్నేళ్ళ తర్వాత ఆ కుళాయి దగ్గర, అడుగున ఉన్న కోపమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. తమ్ముడి మీద, గదిలో చల్లగా కూర్చున్న ఆ పెద్దమనిషి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద. ఎంతమంది వాచ్‌మన్లని, ఎంతమంది తండ్రుల్ని తను ఇలాగే మభ్యపెట్టి పంపిందో!

ఆయా చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. "ఉండు తల్లీ, బాబుకి ఒక్కమాట చెప్పి వస్తాను. చల్లగా ఉండాలి వాడు."

ఆపాలంటే ఆపొచ్చు. టీచరు ఆపలేదు, వెనకాలే నడిచింది.

ఆయా వరండా వైపు నుంచి తిరిగి వచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విడిచి, గదిలోకి అడుగుపెడుతూనే దీవెనలు మొదలుపెట్టింది. సారు వాటిని నవ్వుతో అందుకున్నాడు కానీ కళ్ళు మాత్రం టీచరు మీద ఉన్నాయి.

"ఏంటి టీచర్, చెప్పలేదా?"

"మెత్తగా చెప్పాను సార్. తెలియలేదు. ఇందాక నాతో అన్నది మీరే ఆమెతో అనండి."

ఆయన నవ్వు ఆరిపోయింది. "ఆమెని బయటికి వెళ్ళమని చెప్పండి టీచర్."

ఆయా బల్లకి ఇవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడి ఉంది.

"ఆమె మీ ఎదురుగానే ఉంది సార్. చెవులు బాగానే పనిచేస్తాయి. అనండి!"

ఆ అరుపుకి క్లర్కు తలుపులోంచి తొంగి చూశాడు. ఆ గొంతు టీచరుదని నమ్మడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"మీరు హద్దు మీరుతున్నారు."

"మీరాను. ఇప్పుడైనా అనండి."

సారు కిటికీ వైపు తిరిగాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, కొత్త గోడ తప్ప. ఆయా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. దగ్గు వస్తే కొంగుతో నొక్కుకుంది.

"సోమవారం కూడా రావొద్దా బాబూ?"

సారు కిటికీ గడియ సరిచేశాడు.

"ఒక్కమాట నోటితో అంటే పోతాను కదయ్యా. నేనేమన్నా పరాయిదాన్నా?"

ఆయన గోడనే చూస్తున్నాడు. ఆయా తనలో తనే తలూపుకుంది. రోజూ ఆయనకి కాఫీ తెచ్చే వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. టీచరు పరుగున వెళ్ళేసరికి కుళాయి కారుతోంది. తోమిన గ్లాసులు బోర్లించి ఉన్నాయి, మనిషి లేదు. ఆ ముసలి ప్రాణాన్ని తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టింది తనేనని అప్పుడు తట్టింది టీచరుకి. ఏడుపు రాలేదు. కోపమే ఇంకా పెరిగింది.

సాయంత్రం దాకా పాఠం చెప్పింది. చివరి బెంచీ వాళ్ళు ఆరోజు చెవులు రిక్కించాల్సిన అవసరం రాలేదు. చివరి గంట అయ్యాక క్లర్కు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"టీచర్... సార్ ఏమన్నారంటే, ఈ మధ్య మీ ఆరోగ్యం కూడా..."

"నా ఆరోగ్యానికేం? దుక్కలా ఉన్నాను. నాతో మెత్తగా మాట్లాడకు. రేపు నేను వస్తాను. రావొద్దంటే గేటు దగ్గర నిలబడి ఆయన్నే తన నోటితో అనమను."

"ఈ మాట నేనెలా చెప్పను టీచర్?"

"చెప్పకు. రేపు నేనే చెబుతాను."

ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. కింద సారు గదిలోంచి బయటికి వచ్చి, తాళం వేసినవాడు వేసినట్టే ఆగిపోయి గుమ్మం పక్కకి చూస్తున్నాడు. వరండాలో ఇంకెవరూ లేరు.

"టీచర్," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "వీటిని ఇక్కణ్ణించి తీసెయ్యమని ఎవరికైనా చెప్పండి."

ఇలాంటివి తీసెయ్యమని ఆ స్కూల్లో ఎప్పుడూ ఆయాకే చెప్పేవారు. టీచరు ఆయన్ని దాటుకుని గేటు వైపు నడిచింది. గుమ్మం పక్కన, బొటనవేలి దగ్గర తెగిన చోట ఎర్రదారంతో కుట్టుకున్న పాత రబ్బరు చెప్పులు, లోపలికి వెళ్ళిన మనిషి విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.